స్థితి మార్పు ద్రవాలతో ఎలక్ట్రానిక్ పరికరాల శీతలీకరణ

స్థితి మార్పు శీతలీకరణ అనగా ఒక ద్రవం ఆవిరిగా మారేటప్పుడు గ్రహించే గుప్తోష్ణాన్ని ఉపయోగించి, వేడెక్కిన వస్తువును చల్లబరచే పద్ధతి. రైలు ఇంజన్లు, సౌర విద్యుత్ ఇన్వర్టర్లు, మోటారు డ్రైవులు, కంప్యూటర్ ప్రాసెసర్లు వంటి అధిక శక్తి ఎలక్ట్రానిక్ పరికరాలలో చాలా చిన్న వైశాల్యంలో ఎక్కువ వేడి పుడుతుంది. ఈ వేడిని కేవలం గాలితో తొలగించడం కష్టమైనప్పుడు మరిగే ద్రవాలను వాడుతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలలో ఈ సూత్రం కొత్తది కాదు. అక్కడి ఐస్ ఫ్యాక్టరీలలో అమ్మోనియా చేసే పని ఇదే. అయితే ఏ ద్రవం వాడినా వేడి నశించదు, ఒక చోటి నుండి మరొక చోటికి చేరుతుంది. చివరకు దానిని తీసుకోవలసినది బయటి గాలి, లేదా నీరు. అందువలన ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందన్నది స్థానిక వాతావరణం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

## నేపథ్యం

విద్యుత్తును ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చే పరికరాలలో ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని వందల నుండి కొన్ని వేల సార్లు మీటలవలె తెరుచుకుని మూసుకుంటాయి. ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. 1980లలో వ్యాప్తిలోకి వచ్చిన ఐజీబీటీ అనే ట్రాన్సిస్టరు ఈ రంగంలో ముఖ్యమైనది. దాని అభివృద్ధిలో ప్రముఖ పాత్ర వహించినవారు, మద్రాసు ఐఐటీలో చదివిన బి. జయంత్ బాలిగ.

ఒక పరికరం 98 శాతం సామర్థ్యంతో పనిచేసినప్పటికీ మిగిలిన 2 శాతం వేడి అవుతుంది. 150 కిలోవాట్ల ఇన్వర్టరులో ఇది 3 కిలోవాట్లు. ఈ వేడి పుట్టే సిలికాన్ ముక్కలు చేతి గోరంత ఉంటాయి. వాటి ఉపరితలం మీద చదరపు సెంటీమీటరుకు 100 వాట్లకు పైగా వేడి వెలువడవచ్చు. పోలిక కోసం చూస్తే, 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యి మీద 18 సెంటీమీటర్ల గిన్నె పెట్టినప్పుడు గిన్నె అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 8 వాట్లు మాత్రమే ఉంటుంది.

సాధారణ సిలికాన్ పవర్ ట్రాన్సిస్టర్ల లోపలి ఉష్ణోగ్రత 150 లేదా 175 డిగ్రీల సెల్సియస్ మించరాదు. పరిమితికి లోబడి ఉన్నా, పరికరం మాటిమాటికీ వేడెక్కి చల్లారుతూ ఉంటే అతుకులు, సన్నని లోహపు తీగెలు వ్యాకోచ సంకోచాల వలన క్రమంగా పగుళ్ళు పడతాయి. పక్కనే ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. కనుక చల్లబరచడం అనేది పరికరం ఎంతకాలం మన్నుతుందో నిర్ణయించే అంశం.

## మూల సూత్రం

ఒక కిలో నీటిని 0 డిగ్రీల నుండి 100 డిగ్రీల వరకు వేడి చేయడానికి సుమారు 418 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అదే కిలో నీటిని 100 డిగ్రీల వద్ద పూర్తిగా ఆవిరి చేయడానికి 2,257 కిలోజౌళ్ళు కావాలి. అంటే ఐదు రెట్లకు పైగా. ఈ శక్తిని తీసుకునేటప్పుడు నీటి ఉష్ణోగ్రత పెరగదు. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. ఆవిరి మరొక చోట చల్లటి గోడకు తగిలి సాంద్రీకరణం చెంది, అనగా తిరిగి ద్రవంగా మారి, ఇదే వేడిని అక్కడ వదిలిపెడుతుంది.

3 కిలోవాట్ల వేడిని మోసుకుపోవడానికి సెకనుకు ఎంత పదార్థం కదలాలో ఈ కింది లెక్క తెలుపుతుంది.

* 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కనిచ్చే గాలి: సుమారు 300 గ్రాములు (దాదాపు 270 లీటర్లు)
* 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కనిచ్చే నీరు: సుమారు 72 గ్రాములు
* పూర్తిగా ఆవిరయ్యే నీరు: సుమారు 1.3 గ్రాములు

తక్కువ పదార్థంతో ఎక్కువ వేడి కదలడం ఒక లాభం. మరిగే ఉపరితలమంతా దాదాపు ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉండటం రెండవ లాభం. గాలితో గాని, ప్రవహించే నీటితో గాని చల్లబరచినప్పుడు ప్రవాహం మొదట తగిలే చిప్ చల్లగాను, చివర తగిలే చిప్ వేడిగాను ఉంటాయి. మరిగే ద్రవంలో ఈ తేడా చాలా తక్కువ.

ద్రవం ఏ ఉష్ణోగ్రత వద్ద మరుగుతుందన్నది పీడనం మీద ఆధారపడి ఉంటుంది. గాలిని తీసివేసి మూసిన గొట్టంలో ఉన్న నీరు 60 డిగ్రీల వద్దనే మరుగుతుంది. అప్పుడు గొట్టంలోని పీడనం వాతావరణ పీడనంలో ఐదవ వంతు మాత్రమే ఉంటుంది.

## మట్టి కూజా, మూసిన గొట్టం

మట్టి కూజాలో నీరు చల్లబడటం కూడా స్థితి మార్పు శీతలీకరణే. కూజా రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ, కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి నీటి నుండి తీసుకుంటుంది. కాని ఆ ఆవిరి గాలిలో కలిసిపోవాలి కనుక గాలిలో తేమ ఎంత ఉన్నదన్నది ముఖ్యం. తేమ 20 శాతం ఉన్న 42 డిగ్రీల పొడి గాలిలో, తడి వస్తువు సుమారు 24 డిగ్రీల వరకు చల్లబడగలదు. తేమ 75 శాతం ఉన్న 34 డిగ్రీల గాలిలో అది 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య సరస్సు, చెరువులు, కాలువలు, వరిచేలతో నిండిన కొల్లేరు ప్రాంతంలో ఉక్కపోత రోజులలో కూజా నీరు అంతగా చల్లబడకపోవడానికి కారణం ఇదే.

ఎలక్ట్రానిక్ పరికరాలలో వాడే పద్ధతిలో ద్రవం పూర్తిగా మూసిన పాత్రలో ఉంటుంది. ఆవిరి బయటికి పోదు, లోపలే తిరిగి ద్రవమవుతుంది. కనుక బయటి గాలిలోని తేమతో దానికి పని లేదు. దానికి కావలసినది ఉష్ణోగ్రతలో తేడా మాత్రమే. అయితే ఇదే దాని హద్దు కూడా. కంప్రెసరు లేని మూసిన గొట్టం, వేడిని బయటి గాలికి ఇవ్వాలంటే ఆ గాలికంటే వేడిగా ఉండవలసిందే. కూజా గాలికంటే చల్లగా మారగలదు, హీట్ పైపు మారలేదు.

## ఐస్ ఫ్యాక్టరీలతో పోలిక

ఆకివీడు, కైకలూరు, భీమవరం, ఏలూరు పరిసరాలలో పెంచే చేపలను దూర ప్రాంతాలకు పంపడానికి పెద్ద ఎత్తున ఐస్ అవసరమవుతుంది. దానిని తయారు చేసే ఫ్యాక్టరీలలో స్థితి మార్పు చక్రాన్ని స్పష్టంగా చూడవచ్చు.

ఉప్పునీటి తొట్టెలో ఉన్న గొట్టాల లోపల అమ్మోనియా సుమారు −15 డిగ్రీల వద్ద మరుగుతూ ఉప్పునీటి నుండి వేడిని లాగుతుంది. ఆ ఉప్పునీటిలో దించిన డబ్బాలలో మంచినీరు గడ్డకడుతుంది. మరిగిన అమ్మోనియా ఆవిరిని కంప్రెసరు నొక్కి, వాతావరణ పీడనానికి సుమారు 2.4 రెట్లు ఉన్న పీడనాన్ని 15 రెట్లకు పెంచుతుంది. ఆ పీడనం వద్ద అమ్మోనియా 40 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగా మారగలదు. బయట గొట్టాల మీద నీరు పారించి ఆ వేడిని తొలగిస్తారు. తరువాత ద్రవ అమ్మోనియా సన్నని కవాటం గుండా తిరిగి తక్కువ పీడనంలోకి వెళ్తుంది.

ఐస్ ఫ్యాక్టరీకి, హీట్ పైపుకు తేడా కంప్రెసరులో ఉన్నది. ఐస్ ఫ్యాక్టరీ వేడిని చల్లటి చోటి నుండి వేడి చోటికి ఎత్తుతుంది కనుక దానికి నిరంతరం కరెంటు కావాలి. హీట్ పైపులో వేడి దానంతట అదే వేడి చోటి నుండి చల్లటి చోటికి ప్రవహిస్తుంది కనుక దానికి కరెంటు అవసరం లేదు. 100 డిగ్రీల పైన పనిచేయగల ట్రాన్సిస్టరును చల్లబరచడానికి 45 డిగ్రీల గాలి కూడా చల్లటిదే. అందుకే చాలా సందర్భాలలో కంప్రెసరు అవసరం ఉండదు.

## మరుగుటలో దశలు

వేడి ఉపరితలం మీద ద్రవం మరిగే తీరును 1934లో జపాన్ శాస్త్రవేత్త షిరో నుకియామా ప్రయోగపూర్వకంగా వివరించాడు. ఇందులో ముఖ్యమైన దశలు ఇవి.

1. సహజ సంవహనం – బుడగలు లేకుండా వేడి ద్రవం పైకి కదులుతుంది.
2. బుడగల మరుగుట – ఉపరితలం మీది సూక్ష్మమైన గుంటల నుండి బుడగలు పుట్టి విడిపోతాయి. వేడి బాగా తొలగుతుంది. శీతలీకరణకు కావలసినది ఈ దశ.
3. సందిగ్ధ ఉష్ణ అభివాహం – బుడగలు మరీ ఎక్కువై, ద్రవం ఉపరితలాన్ని చేరకుండా అడ్డుపడే హద్దు.
4. పొర మరుగుట – ఉపరితలాన్ని ఆవిరి పొర కప్పివేస్తుంది. ఆవిరి వేడిని సరిగా ప్రసరింపజేయదు.

నాలుగవ దశను వంటింట్లోనే చూడవచ్చు. బాగా కాలిన దోసె పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు వెంటనే ఆవిరి కాకుండా గుండ్రంగా మారి పెనం మీద పరుగెడతాయి. చుక్క కింద ఏర్పడిన ఆవిరి పొర దానిని పెనానికి తగలనివ్వదు. 1756లో దీనిని వర్ణించిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పేరుతో దీనిని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు.

ఎలక్ట్రానిక్ పరికరంలో ఈ దశ ప్రమాదకరం. చిప్ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది, ద్రవం దానిని తీసుకోవడం మానేస్తుంది. ఉష్ణోగ్రత కొద్ది క్షణాలలో వందల డిగ్రీలు పెరిగి చిప్ కాలిపోతుంది. సాధారణ పీడనం వద్ద నిలకడగా ఉన్న నీటికి ఈ హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 100 వాట్లకు కొంచెం పైన ఉంటుంది. ఎఫ్‌సీ-72 వంటి ఫ్లోరిన్ ద్రవాలకు 15 నుండి 20 వాట్లు మాత్రమే. కనుక చిప్ వేడిని రాగి పలక ద్వారా విశాలంగా పరచిన తరువాతనే ద్రవానికి అందిస్తారు. ఉపరితలాన్ని గరుకుగా చేయడం, ద్రవాన్ని వేగంగా ప్రవహింపజేయడం ద్వారా కూడా హద్దును పెంచుతారు.

## పద్ధతులు

హీట్ పైపు: గాలి తీసివేసి, కొద్దిగా ద్రవం పోసి మూసిన లోహపు గొట్టం. లోపలి గోడకు సన్నని గాడులు గాని, లోహపు పొడితో చేసిన పొర గాని ఉంటుంది. వేడి కొసన ఆవిరైన ద్రవం చల్లటి కొసన సాంద్రీకరణం చెంది, దీపపు వత్తిలో నూనె ఎగబాకినట్లు ఆ పొర గుండా తిరిగి వస్తుంది. కదిలే యంత్ర భాగాలు ఉండవు.

థెర్మోసైఫన్: ఇందులో వత్తి వంటి పొర ఉండదు. ద్రవం తన బరువుతోనే కిందికి జారుతుంది. కనుక చల్లటి భాగం తప్పనిసరిగా వేడి భాగానికి పైన ఉండాలి.

ఆవిరి పలక: చదునుగా చేసిన హీట్ పైపు వంటిది. చిన్న చిప్ వేడిని పెద్ద వైశాల్యం మీద పరచడానికి వాడుతారు.

ముంచే పద్ధతి: విద్యుత్ ప్రసరించని ద్రవంలో పరికరాన్ని పూర్తిగా ముంచుతారు. పైకి లేచిన ఆవిరి, చల్లటి నీటి గొట్టాలకు తగిలి చినుకులుగా తిరిగి పడుతుంది.

పంపుతో నడిచే రెండు స్థితుల చక్రం: పంపు ద్రవాన్ని సన్నని కాలువలున్న చల్లటి పలకల గుండా పంపుతుంది. అందులో కొంత భాగం ఆవిరై, దూరంగా ఉన్న రేడియేటరులో మళ్ళీ ద్రవమవుతుంది.

## వాడే ద్రవాలు

| ద్రవం | సాధారణ పీడనం వద్ద మరుగు స్థానం (సెల్సియస్) | గుప్తోష్ణం (కిలోజౌళ్ళు/కిలో) |
|---|---|---|
| నీరు | 100 | 2,257 |
| అమ్మోనియా | −33 | 1,370 |
| ఇథనాల్ | 78 | సుమారు 840 |
| ఆర్-134ఏ | −26 | 217 |
| నోవెక్ 7100 | 61 | 112 |
| ఎఫ్‌సీ-72 | 56 | 88 |

గుప్తోష్ణంలో నీటికి సాటి వచ్చేది ఈ పట్టికలో లేదు. కాని నీరు విద్యుత్ భాగాలకు తగలరాదు కనుక రాగి గొట్టాలలో బంధించి వాడుతారు. అల్యూమినియంతో నీరు చర్య జరిపి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఆ వాయువు ద్రవంగా మారకుండా చల్లటి కొసన పేరుకుని గొట్టాన్ని పనికిరాకుండా చేస్తుంది. అమ్మోనియా దీనికి భిన్నంగా రాగిని తినివేస్తుంది, అల్యూమినియంతోను ఉక్కుతోను కలిసి ఉంటుంది. అందుకే ఐస్ ఫ్యాక్టరీలలో ఉక్కు గొట్టాలను, ఉపగ్రహాలలో అమ్మోనియా నింపిన అల్యూమినియం హీట్ పైపులను వాడుతారు.

ముంచే పద్ధతికి అనుకూలమైన ఫ్లోరిన్ ద్రవాలు పర్యావరణ సమస్యలకు గురయ్యాయి. ఒకప్పుడు విరివిగా వాడిన సీఎఫ్‌సీ-113, ఓజోన్ పొరకు హాని చేస్తున్నందున 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద నిషేధించబడింది. ఆ తరువాత వచ్చిన కొన్ని ద్రవాలు ఓజోన్‌కు హాని చేయకపోయినా, వాతావరణాన్ని వేడెక్కించే గుణం కలవి. హెచ్‌ఎఫ్‌సీలను తగ్గించడానికి 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. నోవెక్, ఫ్లోరినెర్ట్ ద్రవాలను తయారుచేసిన 3ఎం సంస్థ, ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కాని పీఎఫ్ఏఎస్ రసాయనాల తయారీ నుండి 2025 చివరికల్లా వైదొలగుతున్నట్లు 2022 డిసెంబరులో ప్రకటించింది.

## చరిత్ర

హీట్ పైపు భావనకు అమెరికాలో ఆర్. ఎస్. గాగ్లర్ 1944లో పేటెంటు పొందాడు. అది చాలాకాలం మరుగున పడి ఉన్నది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దానిని స్వతంత్రంగా తయారుచేసి, ఆ పేరు పెట్టాడు. అంతరిక్ష నౌకలలో మొదలైన వాడుక తరువాత ల్యాప్‌టాప్ కంప్యూటర్ల వరకు వచ్చింది.

జపాన్‌లో విద్యుత్ రైళ్ళ నియంత్రణ పరికరాలను సీఎఫ్‌సీలో మరిగించి చల్లబరచే పద్ధతి ఉండేది. మాంట్రియల్ ఒప్పందం తరువాత దాని స్థానంలో ఇతర ద్రవాలు, నీటి హీట్ పైపులు వచ్చాయి. 1985లో విడుదలైన క్రే-2 సూపర్ కంప్యూటరును ఫ్లోరినెర్ట్ ద్రవంలో ముంచారు. అయితే అందులో ద్రవం ప్రధానంగా ప్రవహిస్తూ చల్లబరచేది, మరుగుట మీద ఆధారపడలేదు. 2021లో మైక్రోసాఫ్ట్ సంస్థ వాషింగ్టన్ రాష్ట్రంలోని క్విన్సీలో మరిగే ద్రవంలో ముంచిన సర్వర్లను తమ డేటా కేంద్రంలో వాడుకలో పెట్టినట్లు ప్రకటించింది.

## వేసవి ఉష్ణోగ్రతల ప్రభావం

పరికరాన్ని 125 డిగ్రీల లోపు ఉంచాలని నిర్ణయించారనుకుంటే, బయటి గాలి 25 డిగ్రీలు ఉన్న చోట 100 డిగ్రీల తేడా అందుబాటులో ఉంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో మండు వేసవిలో ఉండగల 45 డిగ్రీల గాలిలో 80 డిగ్రీలే మిగులుతుంది. 3 కిలోవాట్ల వేడికి, చిప్ నుండి గాలి వరకు ఉన్న మొత్తం ఉష్ణ నిరోధం మొదటి చోట వాటుకు 0.033 డిగ్రీల వరకు ఉండవచ్చు. రెండవ చోట 0.027 మించరాదు. నిరోధమంతా రెక్కల వద్దనే ఉన్నదనుకున్నా, రెక్కల వైశాల్యాన్ని కనీసం 25 శాతం పెంచాలి. చల్లటి దేశాల కోసం రూపొందించిన పరికరాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ బిగిస్తే అది వేసవిలో తన పూర్తి శక్తిని ఇవ్వలేదు. ఇటువంటి సందర్భాలలో అనేక ఇన్వర్టర్లు తమను తాము కాపాడుకోవడానికి ఉత్పత్తిని తగ్గించుకుంటాయి.

మరిగే ద్రవం చిప్ నుండి రెక్కల వరకు ఉన్న నిరోధాన్ని బాగా తగ్గిస్తుంది, రెక్కల నుండి గాలికి ఉన్న నిరోధాన్ని అది నేరుగా తగ్గించలేదు. అయితే వేడిని రెక్కల చివరి వరకు సమానంగా పరచి, వాటి వైశాల్యమంతా ఉపయోగపడేటట్లు చేస్తుంది.

## ఉపయోగాలు

### రైల్వే

ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్ల మీదుగా వెళ్ళే విజయవాడ–విశాఖపట్నం మార్గం 1990లలో 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతిలో విద్యుదీకరించబడింది. ఇటువంటి మార్గాలలో నడిచే డబ్ల్యూఏజీ-9 తరగతి ఇంజను శక్తి సుమారు 4,500 కిలోవాట్లు. మార్పిడిలో 2 శాతం నష్టమే అనుకున్నా 90 కిలోవాట్ల వేడి అవుతుంది. 1990లలో ఏబీబీ సాంకేతికతతో వచ్చిన ఈ ఇంజన్ల తొలి తరంలో, జీటీవో థైరిస్టర్లను పంపుతో ప్రవహించే నూనెతో చల్లబరచేవారు. ఇది స్థితి మార్పు లేని పద్ధతి. ఐజీబీటీలు వచ్చిన తరువాత, వివిధ దేశాల రైళ్ళలో నీటి ప్రసరణతో పాటు హీట్ పైపులు కూడా వాడుకలోకి వచ్చాయి. రైలు కదిలేటప్పుడు వీచే గాలి పెట్టె కింది రెక్కలకు తగలడం హీట్ పైపులకు అనుకూలం.

### చేపలు, రొయ్యల చెరువులు

కొల్లేరు పరిసరాల రొయ్యల చెరువులలో నీటికి ఆక్సిజన్ అందించే ఏరియేటర్లు విద్యుత్ మోటార్లతో తిరుగుతాయి. రాత్రివేళ మొక్కల కిరణజన్య సంయోగక్రియ ఉండదు కనుక చెరువులో కరిగి ఉన్న ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగిపోతే కొద్ది గంటలలోనే పంట మొత్తం నష్టపోయే ప్రమాదం ఉన్నది.

మోటారును నేరుగా లైనుకు కలిపినప్పుడు ఈ వ్యాసంలోని సమస్య రాదు. వేగాన్ని మార్చే డ్రైవులు, సోలార్ ఇన్వర్టర్లు వాడే చోట మాత్రం వాటి మన్నిక పంటకు సంబంధించిన విషయమవుతుంది. ఫ్యానుతో బయటి గాలిని పెట్టె లోపలికి లాగితే, దానితో పాటు తేమ, ఉప్పు, దుమ్ము, పురుగులు లోపలికి వస్తాయి. రాత్రి పెట్టె చల్లబడినప్పుడు తేమ సర్క్యూట్ల మీద నీటి చెమ్మగా చేరుతుంది. పెట్టెను పూర్తిగా మూసి, వేడిని మాత్రం హీట్ పైపుల ద్వారా బయటి రెక్కలకు చేరవేసే అమరిక ఈ సమస్యకు ఒక పరిష్కారం. ఇక్కడ స్థితి మార్పు పద్ధతి వలన కలిగే ముఖ్యమైన మేలు, చెడ్డ గాలిని లోపలికి రానివ్వకుండానే వేడిని బయటికి పంపగలగడం.

## పరిమితులు

* గొట్టంలోకి కొద్దిపాటి గాలి చేరినా సాంద్రీకరణం దెబ్బతింటుంది. దశాబ్దాల పాటు చెక్కుచెదరని అతుకులు అవసరం.
* హీట్ పైపులో వేడి కొస పైన, చల్లటి కొస కింద ఉన్నప్పుడు ద్రవం భూమ్యాకర్షణకు ఎదురెక్కవలసి ఉంటుంది కనుక సామర్థ్యం తగ్గుతుంది.
* వేడి హద్దు మీరితే వత్తి పొర ఎండిపోయి గొట్టం ఒక్కసారిగా పనిచేయడం మానేస్తుంది.
* బయటి రెక్కల మీద దుమ్ము పేరుకుంటే లోపలి ద్రవం ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. రెక్కలను క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి.
* అమ్మోనియా విషవాయువు. అది కారితే కళ్ళకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. అందువలన జనం మసలే చోట చిన్న పరికరాలలో దానిని వాడరు.

## బోధన, పరిశోధన

తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఆంధ్రప్రదేశ్ (నిట్) ప్రారంభమైనది. ఈ విషయానికి సంబంధించిన మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు శాఖలు అక్కడ ఉన్నాయి. అంతర్జాతీయంగా ఈ రంగంలో పేరుపొందినవారిలో సురేష్ గరిమెళ్ళ ఒకరు. మద్రాసు ఐఐటీలో చదివిన ఆయన అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో శీతలీకరణ సాంకేతికతల పరిశోధన కేంద్రానికి సంచాలకుడిగా పనిచేశారు. సన్నని కాలువలలో ద్రవాలు మరిగే తీరు ఆయన పరిశోధన విషయాలలో ముఖ్యమైనది. ఆయన 2019లో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి, 2024లో అరిజోనా విశ్వవిద్యాలయానికి అధ్యక్షులయ్యారు.

## ఇవి కూడా చూడండి

* గుప్తోష్ణం
* బాష్పీభవనం
* అమ్మోనియా
* ట్రాన్సిస్టరు
* కొల్లేరు సరస్సు
* తాడేపల్లిగూడెం